పేపరు చివరి పేజీ అడుగున ఏముంది?

(బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగువాళ్లు నెలకోసారి కలుసుకునే ఆదివారం మాట్లాడింది. రికార్డింగు విని రాసింది. మధ్యలో మైకు మొరాయించిన రెండు మూడు నిమిషాలు ఇందులో లేవు.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? సరే. ఆ గిన్నెల్లో ఉన్నది ఉగ్గాణి, బజ్జీ అని నాకూ తెలుసు, వాసన ఇక్కడిదాకా వస్తోంది, కాబట్టి మీ ఓపికకు మరీ పరీక్ష పెట్టను.

నాది అనంతపురం. పదకొండేళ్లు ఒక తెలుగు పేపరు జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేశాను. పిల్లల చదువులకని ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు ఆదివారాలు మన తెలుగు పిల్లలకు, ఏడు నుంచి పది చదివేవాళ్లకు, వార్తలు ఎలా చదవాలో చూపిస్తుంటాను. దీన్ని మీడియా లిటరసీ అంటారు. తెలుగులో మాధ్యమ అక్షరాస్యత అట, ఆ మాట నోరు తిరగక పిల్లలు 'పేపరు క్లాసు' అని పేరు పెట్టుకున్నారు, అదే ఖాయమైపోయింది.

ఈ ఊళ్లో ఈ సంగతి మాట్లాడాలంటే 2018 మే నెల దగ్గర మొదలుపెట్టాలి. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చామరాజపేటలో మే 23న, పని వెతుక్కుంటూ వచ్చిన రాజస్థాన్ కుర్రాడిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని అనుమానించి జనం కట్టేసి కొట్టి చంపారు. అప్పటికి కొన్ని వారాలుగా వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు, మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లాణ్ని అందుకుని వెళ్లిపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం ఒక స్వచ్ఛంద సంస్థ చేయించిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో వాళ్లే బండి తిప్పుకుని వచ్చి పిల్లాణ్ని దించేసి ఒక అట్ట చూపిస్తారు, పిల్లాణ్ని ఎత్తుకుపోవడానికి ఎంతసేపూ పట్టదు, జాగ్రత్త అని దాని మీద రాసి ఉంటుంది. మనకొచ్చిన దాంట్లో ఆ చివరి ముక్క ఎవరో కోసేశారు. కొన్ని సెకన్ల ముక్క అంతే.

పిల్లలకు నేను ఈ వీడియో చూపించను, కథగా చెప్తాను. చెప్పి, 'ఇందులో అబద్ధం ఎక్కడుంది?' అని అడుగుతాను. చూపించిన ప్రతి ఫ్రేమూ నిజంగా తీసిందే కదా! కాసేపు తడుముకుంటారు. తర్వాత ఎవరో ఒకరు 'లేనిదాంట్లో ఉంది ఆంటీ' అంటారు.

అంతకు ఆరేళ్ల ముందు, 2012 ఆగస్టులో, ఇదే ఊళ్లో ఈశాన్య రాష్ట్రాల వాళ్లు వేలమంది రైల్వే స్టేషన్‌కు పరుగెత్తారు. గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. దాడులు జరుగుతాయని ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి, అదీ కారణం. అప్పుడు కేంద్రం ఏం చేసింది? ఒకేసారి ఐదుగురికి మించి ఎస్సెమ్మెస్ పంపకూడదు అని పదిహేను రోజులు పరిమితి పెట్టింది. 2018 జులైలో వాట్సాప్ ఏం చేసింది? మన దేశంలో ఒక మెసేజీని ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పెట్టింది. రెండుసార్లూ ఒకటే మందు, కుళాయి సన్నగా తిప్పడం. తప్పని నేను అనను. నీళ్లు ఎక్కడ పాడయ్యాయో మాత్రం దాంతో తెలియదు.

అదే 2018లో మన తెలుగు పల్లెల్లో ఒకావిడ వేరే దారి పట్టారు. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు. ఊరికో కానిస్టేబుల్‌ను పెట్టారు, ఆ కానిస్టేబుళ్లు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, రచ్చబండ దగ్గర కూర్చుని మాట్లాడారు, డప్పు కొట్టి పాటలు పాడారు. దాదాపు 400 ఊళ్లు. చుట్టుపక్కల ఇలాంటి పుకార్లతోనే దాడులు జరుగుతుంటే ఆ ఊళ్లలో ప్రాణం పోలేదు. కేరళలో కన్నూరు కలెక్టరు ఆ రోజుల్లోనే 150 ప్రభుత్వ బడుల్లో ఈ పాఠాలు పెట్టించారు. టీకాల మీద పుకార్లు నమ్మి తల్లిదండ్రులు పిల్లలకు టీకా వద్దనడంతో మొదలైన పని అది.

ఇవి విని నేనూ ఉత్సాహపడ్డాను. మొదటి ఏడాది నా క్లాసంతా ఇదే. ఒక ఫొటో అంతకుముందు ఎక్కడ వచ్చిందో గూగుల్లో వెతకడం ఎలా, తేదీ ఎక్కడ చూడాలి, ఒక సైటును నమ్మాలా వద్దా అంటే ఆ సైటులోనే కూర్చోకుండా పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి దాని గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూడటం. ఈ చివరిది మంచి చిట్కా, నిజ నిర్ధారణ చేసేవాళ్ల పద్ధతి అదేనని స్టాన్‌ఫర్డ్ వాళ్లు పరిశీలించి చెప్పారు. పిల్లలు ఎంత చురుకు అంటే నెల తిరక్కుండా ఇంట్లో పెద్దవాళ్ల పరువు తీయడం మొదలుపెట్టారు. ఫ్యామిలీ గ్రూపుల్లో గొడవలు. ఒకాయన లిఫ్టులో నన్ను ఆపి, 'ఏంటమ్మా, మా వాడు నా గుడ్‌మార్నింగ్ మెసేజీకి కూడా ఆధారం అడుగుతున్నాడు' అన్నారు. (నవ్వులు)

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. 'ఆంటీ, మేం తప్పు రాస్తే మార్కులు పోతాయి. వాళ్లు తప్పు రాస్తే వాళ్లకేం పోతుంది?' అని.

నాకు చటుక్కున 2009 ఎన్నికలు గుర్తొచ్చాయి. ఇది నేను బయట పెద్దగా చెప్పుకున్న సంగతి కాదు. ఒక సాయంత్రం నా టేబుల్ మీదికి ఒకే నియోజకవర్గం నుంచి మూడు వార్తలు వచ్చాయి. ముగ్గురు అభ్యర్థులు. ముగ్గురికీ అడుగడుగునా బ్రహ్మరథం, ముగ్గురికీ మహిళలు హారతులు, ముగ్గురి గెలుపూ ఖాయం. ఇదేం చోద్యమని రెండింటికి హెడ్డింగులు మార్చబోతే, ఇన్‌ఛార్జి వచ్చి 'అక్షరం ముట్టుకోవద్దు, ప్యాకేజీ' అన్నాడు. ప్యాకేజీ అంటే తెలుసు కదా, అభ్యర్థి డబ్బు కట్టాడు, వార్త రూపంలో అచ్చేస్తాం. యాడ్ అని ఎక్కడా ఉండదు. ముగ్గుర్నీ ఒకే పేజీలో పెట్టింది నేనే. మర్నాడు ఒక్క పాఠకుడైనా ఫోన్ చేసి 'ముగ్గురూ ఎలా గెలుస్తారమ్మా' అని అడుగుతాడేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. ఆ రోజు నాకు జర్నలిస్టుగా వచ్చిన సిగ్గు కంటే ఆ ఫోన్ రాకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది, ఎందుకంటే ఒక పది ఫోన్లు వచ్చి ఉంటే నేను పైవాళ్ల దగ్గరికి వెళ్లి 'చూడండి సార్' అనడానికి ఏదో ఒకటి చేతిలో ఉండేది.

ఇది మా ఒక్క ఆఫీసు రోగం కాదు. పత్రికల తీరు చూసే ప్రెస్ కౌన్సిల్ ఈ ప్యాకేజీల మీద ఇద్దరితో ఉపసంఘం వేసింది, పరంజయ్ గుహా ఠాకుర్తా ఒకరు, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి గారు ఇంకొకరు. వాళ్లు 2010లో 71 పేజీల నివేదిక ఇచ్చారు, పేర్లతో సహా. కౌన్సిల్ ఏం చేసిందంటే దాన్ని అలాగే బయటపెట్టకుండా కుదించి వేరే నివేదిక ఇచ్చింది. సమాచార హక్కు చట్టం కింద అడిగి, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక, 2011లో గానీ పూర్తి పాఠం జనానికి దొరకలేదు. పత్రికల తప్పులు చూడాల్సింది పత్రికల వాళ్లే ఎక్కువమంది ఉన్న సంస్థ. అది కూడా మందలించగలదు, అంతే, జరిమానా వేసే అధికారం లేదు.

అందుకే రెండో ఏడాది క్లాసు మార్చేశాను. ఫార్వర్డులు పక్కన పెట్టి, పిల్లల చేత నాలుగు తెలుగు పేపర్లు, కత్తెర, వంటింటి తూకం తెప్పించాను. యాడ్లన్నీ కత్తిరించి ఒక కుప్ప, ప్రభుత్వ ప్రకటనలు ఒక కుప్ప, వార్తలు ఒక కుప్ప, ఏదో తేల్చుకోలేనివి ఒక కుప్ప. మన పిల్లలకు ఇక్కడ ఒక చిక్కు ఉంది, మాట్లాడతారు గానీ తెలుగు చదవడం రాదు. కాబట్టి ఇంటి నుంచి ఒక పెద్దమనిషిని తెచ్చుకోవాలి. ఒక పిల్లాడు వాళ్ల జేజిని తెచ్చాడు, కడప ఆవిడ. ఆవిడ చదివి వినిపిస్తుంటే వాడు కత్తిరిస్తున్నాడు. రియల్ ఎస్టేట్ వెంచర్ గురించి అరపేజీ వచ్చింది, ఫొటో, హెడ్డింగు, అంతా వార్తలాగే. వాడు వార్తల కుప్పలో వేయబోతే జేజి చెయ్యి పట్టుకుంది. 'ఇది వార్త కాదు రా. వార్తకు ముందు ఊరి పేరుంటది, రాసినోడి గుర్తుంటది. దీనికి ఏ ఊరూ లేదు, ఎవరూ లేరు' అంది. పదకొండేళ్లు ఆ ఊరి పేర్లు, అంటే డేట్‌లైన్లు, వేసిన నాకు ఆ మాట అంత సులువుగా చెప్పడం చేతకాలేదు. చివరికి తూస్తే అన్నిటికంటే నన్ను తికమకపెట్టింది తేల్చుకోలేని కుప్ప. అది వార్తల కుప్పకు పెద్దగా తీసిపోలేదు.

ఆ తర్వాత చివరి పేజీ అడుగు చూపించాను. అక్కడ చీమ కాళ్లంత అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది, ముద్రించింది ఎవరు, ప్రచురించింది ఎవరు, ఎడిటర్ ఎవరు, ఎక్కడ అచ్చైంది. దాన్ని ఇంప్రింట్ లైన్ అంటారు. 1867 నాటి చట్టం నుంచీ ఉన్న లెక్క, తేడా వస్తే ఎవర్ని పట్టుకోవాలో తెలియాలి కదా, తెల్లవాళ్లు అందుకు పెట్టారు. మరొకటి ఫారం 4 అని, 1956 నాటి నిబంధనల ప్రకారం ఫిబ్రవరి అయిపోగానే వచ్చే మొదటి సంచికలో యజమానుల పేర్లు వేయాల్సి ఉండేది, ఒక శాతం కంటే ఎక్కువ వాటా ఎవరికుందో సహా. డెస్కులో ఉన్నన్నాళ్లూ టెండర్ నోటీసుల పక్కన దాన్ని పెట్టించాను, ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. నేనే చదవకపోతే మీరు చదవలేదని అనడానికేముంది.

టీవీ సంగతి ఇంకో తమాషా. ఛానళ్లు అలా ఎందుకు అరుస్తాయి అంటే రేటింగు అంటారు. ఆ రేటింగు ఎక్కడి నుంచి వస్తుందంటే, ఏ ఛానల్ చూస్తున్నారో లెక్కపెట్టే మీటర్లు పెట్టిన ఇళ్ల నుంచి. 2020లో ముంబయి పోలీసులు రేటింగుల మోసం కేసు పెట్టినప్పుడు బయటికొచ్చిన లెక్క, దేశం మొత్తం మీద అలాంటి ఇళ్లు దాదాపు 44 వేలు. టీవీ ఉన్న ఇళ్లు అప్పటి అంచనా ప్రకారం 21 కోట్లు. లెక్కేసుకోండి, దాదాపు 4,800 ఇళ్లకు ఒక మీటరు. మీ ఇంట్లో మీరు ఏ ఛానల్ ఆపేసినా వాళ్లకు తెలియనే తెలియదు. 'నచ్చకపోతే రిమోట్ ఉంది కదా' అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. రిమోట్ నొక్కితే అవతలికి చేరదు. ఉత్తరం రాస్తే చేరుతుంది.

ఉత్తరం రాశాం కూడా. 2022 సెప్టెంబరులో మన ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది, ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు, గుర్తుందా? అప్పుడు ఒక తెలుగు ఛానల్ టీవీలో వేసి యూట్యూబ్‌లోనూ పెట్టిన వీడియో చూసి అనంతపురం నుంచి మా అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. బస్సు కిటికీల దాకా నీళ్లు, థంబ్‌నెయిల్ మీద ఎర్రటి అక్షరాల్లో బెంగళూరు జలసమాధి. పిల్లలకు చూపిస్తే ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకచోట ఆపి, పెద్దది చేసి, 'ఆంటీ, బస్సు నెంబరు టీఎన్' అన్నాడు. బోర్డు తమిళం. అది చెన్నై బస్సు, 2015 డిసెంబరు వరదల నాటి దృశ్యం. ఇక్కడ నిజంగానే వరద ఉంది, నిజమైన దృశ్యాలు మన గేటు ముందే ఉన్నాయి, అయినా పాతది వేశారు, ఎందుకంటే అందులో నీళ్లు ఎక్కువ.

2021లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చారు, ఫిర్యాదు చేస్తే ఛానల్ 15 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వకపోయినా, ఇచ్చింది సరిగా లేకపోయినా పై మెట్టుకు వెళ్లొచ్చు. పిల్లలు ఐదుగురు కూర్చుని మెయిల్ రాశారు. తెలుగులోనా ఇంగ్లీషులోనా అని అరగంట పంచాయితీ. తేదీ, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను, బస్సు నెంబరు కనపడే స్క్రీన్‌షాట్, అన్నీ పెట్టారు. క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ చూశారు. పదమూడో రోజు జవాబొచ్చింది, అవి ప్రతీకాత్మక దృశ్యాలు, మీ అభిప్రాయం మాకు విలువైనది అని. వీడియో మాత్రం చడీచప్పుడు లేకుండా మాయమైంది. క్షమాపణ లేదు, సవరణ లేదు. పై మెట్టుకు వెళ్దామని పిల్లలన్నారు, ఇంతలో పరీక్షలొచ్చాయి, అమ్మలు ఒప్పుకోలేదు, గడువు దాటిపోయింది. వెళ్లి ఉన్నా ఏమయ్యేదో చెప్పలేం లెండి. వార్తా ఛానళ్లు తమకు తామే పెట్టుకున్న సంస్థ అప్పట్లో వేయగలిగిన జరిమానా లక్ష రూపాయలు. అది ఏ మూలకని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అడిగింది.

అయితే కఠినమైన చట్టం తెస్తే సరిపోదా అంటారు. మన కర్ణాటకలోనే 2025లో ఒక ముసాయిదా బయటికొచ్చింది, తప్పుడు వార్తలకు ఏడేళ్ల దాకా జైలు అని. కేంద్రం తన గురించిన వార్తల్లో ఏది అబద్ధమో తానే తేలుస్తానని పెట్టుకున్న నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. ఏది అబద్ధమో ప్రభుత్వం చెప్పడం మొదలుపెడితే ముందుగా జైలుకెళ్లేది ఏడొందల రూపాయల కోసం మండలంలో తిరిగి వార్తలు పంపే కంట్రిబ్యూటరే, ప్యాకేజీ కుదిర్చినవాడు కాదు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

మార్పు కింది నుంచి వస్తుందా అని అనుమానపడేవాళ్లకు మన నెల్లూరు ఉంది. 1990ల మొదట్లో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, సారాకు సంసారాన్ని పోగొట్టుకున్న ఆడమనిషి కథ. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం దగ్గర ఆగిపోయారు. సీ, తా అని గుణింతం దిద్దుకోవడం మానేసి 'ఇది మన ఊరి కథే' అని మాట్లాడుకున్నారు, ఊళ్లో సారా దుకాణం మూయించారు. అక్కడి నుంచి జిల్లా అంతా పాకింది, సారా వేలాలు ఆగాయి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా బందైంది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో మళ్లీ సడలించారు, అదీ చెప్పాలి. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, ఆ వాచకం రాసినవాళ్లు 'తాగకండి' అని మొగుళ్లకు నీతి చెప్పి ఊరుకోలేదు. సారా ఎక్కడి నుంచి వస్తోంది, వేలం ఎవరు పాడుతున్నారు, డబ్బు ఎవరికి పోతోంది అనే ప్రశ్న దగ్గరికి ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఇప్పుడు మనం చెప్పే మీడియా పాఠాలు చాలావరకు 'ఫార్వర్డ్ చేయకండి' దగ్గరే ఆగుతున్నాయి. తాగేవాడిదే తప్పు అన్నట్టు.

ఈ పాఠాలకు డబ్బు ఎవరిస్తున్నారో కూడా చూడండి. మన దేశంలో ఇలాంటి శిక్షణకు గూగుల్ దాతృత్వ విభాగం పది లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బుతో మంచి పనే జరిగింది, చాలామంది శ్రద్ధగా చెప్పారు. కానీ ప్రకటనల సొమ్ములో పెద్ద వాటా ఎవరికి పోతోందో ఆ పాఠంలో ఉంటుందా? అమెరికాలో 1990లో ఒక కంపెనీ బడులకు టీవీలు ఉచితంగా ఇచ్చి, బదులుగా రోజూ క్లాసులో 12 నిమిషాల వార్తలు చూపించమంది, అందులో రెండు నిమిషాలు యాడ్లు. అలాంటి చోట మీడియా పాఠం ఎవరు చెప్పాలి, ఏ మేరకు చెప్పాలి? నా క్లాసు ఖర్చు నాలుగు పేపర్లు, ఒక కత్తెర. అందుకని నాకు పెద్ద చిక్కు రాలేదు, పెద్ద క్లాసూ కాలేదు.

ఇక చివరిది, నా నోటితో నేనే చెప్పుకోవాల్సింది. 2019 ఎన్నికలప్పుడు బిహార్‌లో 1,224 మంది ఇళ్లకు వెళ్లి గంటసేపు ఈ పాఠం చెప్పి, తర్వాత పరీక్షిస్తే మొత్తం మీద ఏ మార్పూ కనపడలేదట. అంటే ఇప్పుడు నేను మీ ముందు చేస్తున్నది ఏమిటో అర్థమైంది కదా. (నవ్వులు) అదే బిహార్‌లో తర్వాత 583 గ్రామాల్లో, 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు సుమారు 13,500 మందితో, గ్రంథాలయాల్లో 14 వారాల పాటు క్లాసులు పెట్టారు. అది పనిచేసింది, నెలల తర్వాత కూడా నిలిచింది, క్లాసుకు రాని తల్లిదండ్రుల్లోనూ ఎంతోకొంత మార్పు కనిపించింది. అందుకే ఇది ఒక ఆదివారం ఉపన్యాసంతో అయ్యేది కాదు, బడిలో లెక్కల పీరియడ్‌లాగా ఒక పీరియడ్ కావాలి అంటున్నాను. కెనడాలో ఒంటారియో రాష్ట్రం 1987లోనే హైస్కూల్లో దీన్ని తప్పనిసరి చేసింది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి అంకుల్.

(సభలోంచి ఒక పెద్దాయన: 'అమ్మా, ఆ చివరి పేజీ అడుగున ఉండే అక్షరాలు నాకు కనపడవు. మనవణ్ని చదవమంటే వాడికి తెలుగు రాదు.')

మా క్లాసులో అందరిదీ అదే కథ అంకుల్. వచ్చే ఆదివారం పదింటికి ఇద్దరూ రండి. వాడు ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేస్తాడు, మీరు చదవండి. రేపటి పేపరు పారేయకుండా ఉంచండి, బజ్జీల కింద మాత్రం పరచకండి.